లారీ లెక్కలో డ్రైవర్ జీతం

2025 జూన్‌లో నా లారీకి ఫిట్‌నెస్ గడువు, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని ఇచ్చే సర్టిఫికెట్ గడువు, ముగిసింది. బండిని ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లాలంటే ముందు నాలుగు టైర్లు మార్చాలి. బ్రేక్ లైనింగులు అరిగిపోయాయి. వెనక స్ప్రింగు కమాన్ కట్టలో రెండు పట్టీలు విరిగాయి. క్యాబిన్ కింద తుప్పు పట్టిన చోట వెల్డింగ్ చేయించి రంగు వేయించాలి. మిర్యాలగూడలో మా మేస్త్రి బండి కింద పడుకుని అన్నీ చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ "లక్షా పదివేలకు తక్కువ గాదు అన్నా" అన్నాడు.

ఆ లక్షా పదివేలు పెట్టాలా, లేక ఉన్నది ఉన్నట్టు అమ్మేయాలా? ఇదే ప్రశ్న మూడేళ్ల కింద వచ్చి ఉంటే ఆలోచించకుండా పెట్టేవాణ్ని. ఈసారి పెట్టలేకపోయాను. అప్పటికి నా చేతిలో ఒక ఏడాది లెక్క రాసిన నోట్‌బుక్ ఉంది. ఒక్క లారీతో, తనే ఓనరు, తనే డ్రైవరుగా బతికేవాళ్లు మా దగ్గర ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి ఆ లెక్క ఎలా సాగిందో, చివరికి ఏం తేల్చుకున్నానో రాస్తున్నాను.

మాది వేములపల్లి దగ్గర ఊరు. 1998లో పదిహేడేళ్ల వయసులో క్లీనర్‌గా లారీ ఎక్కాను. తర్వాత లైసెన్స్ తీసుకుని ఒకరి బండి తోలాను. 2009లో సెకండ్ హ్యాండ్ ఆరు టైర్ల బండి కొన్నాను. 2019 జూన్‌లో దాన్ని అమ్మి, నాన్న ఇచ్చిన చెల్కలో ఇరవై గుంటలు కూడా అమ్మి, కొత్త పది టైర్ల బండి దింపాను. మిగతాది ఫైనాన్స్. నెలకు 52 వేల పైచిలుకు కిస్తీ, 48 నెలలు.

తొమ్మిది నెలలు తిరగకముందే లాక్‌డౌన్ వచ్చింది. రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆరు నెలల వెసులుబాటులో కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. బండి కొన్ననాడు 70 రూపాయల చుట్టూ ఉన్న డీజిల్ 2021లో వంద దాటింది. ఆ తర్వాత కాస్త దిగి 2025లో హైదరాబాద్‌లో 95 పైన ఉంది. కిరాయిలు ఆ లెక్కన పెరగలేదు. మరి కిస్తీలు ఎలా కట్టామంటే, మా ఇంటామె మహిళా సంఘంలో రెండుసార్లు లోను తీసింది, ఒకసారి తన పుస్తెలతాడు కుదువ పెట్టింది. నేను ఓవర్‌లోడ్ వేశాను. పద్దెనిమిది టన్నుల చోట ఇరవై మూడు వేస్తే ఆ పైన ఐదు టన్నుల కిరాయే మిగులు. మా లైన్‌లో చాలా ఏళ్లు లాభం అంటే అదే. 2019లో మార్చిన మోటారు వాహన చట్టంలో ఓవర్‌లోడ్‌కు 20 వేలు, పైగా ఎక్కువున్న ప్రతి టన్నుకు 2 వేలు జరిమానా రాశారు. కానీ నేను మానింది జరిమానాకు భయపడి కాదు. ఒక రాత్రి దాచేపల్లి దగ్గర దిగుడులో బ్రేక్ తొక్కితే బండి ఆగలేదు. దేవుడి దయవల్ల ముందు ఏమీ లేదు. ఆ రోజుతో ఓవర్‌లోడ్‌కు దండం పెట్టాను.

2023 డిసెంబరులో చివరి కిస్తీ కట్టి, ఫైనాన్స్ వాళ్ల దగ్గర అప్పు తీరిందన్న ఎన్ఓసీ కాగితం తెచ్చుకున్నాను. ఆ రోజు ఇంట్లో పాయసం వండారు. ఇక ఆ 52 వేలు నెలనెలా మనకే అనుకున్నాం. ఐదు నెలలు గడిచాయి. ఆ 52 వేలు ఎక్కడా కనపడలేదు.

2024 మే నెలలో ఒక ట్రిప్పు వేశాను. మిర్యాలగూడలో బియ్యం లోడు, చెన్నైకి. 26 కిలోల సంచులు 690. ప్యాకింగ్ చేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే జీఎస్టీ పడుతుందని 2022 నుంచి మా మిల్లుల్లో సంచి బరువు ఒక కిలో పెరిగింది. మొత్తం 18 టన్నులకు కాస్త తక్కువ. టన్నుకు 1,450 లెక్కన 26 వేలు కిరాయి. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా హైవే ఎక్కి, ఒంగోలు, నెల్లూరు దాటి చెన్నై. డీజిల్ ఆంధ్రాలో మన కన్నా ఎక్కువ, తమిళనాడులో తక్కువ కాబట్టి గుమ్మిడిపూండి దాటేదాకా సరిపెట్టుకుని అక్కడ ట్యాంకు నింపుతాం. దిగుమతి అయ్యాక, అంటే సరుకు దించాక, రిటర్న్ లోడు కోసం చెన్నైలోని మాధవరంలో రెండు రోజులు పడుకున్నాను. హైదరాబాద్‌కు ప్లైవుడ్ దొరికింది, 22 వేలు. హైదరాబాద్‌లో దించి, ఖాళీ బండితో ఇంటికొచ్చాను. మొత్తం 1,255 కిలోమీటర్లు, ఏడు రోజులు.

వచ్చిన కిరాయి 48 వేలు. డీజిల్ 26,800. టోల్ 8,200. బ్రోకర్ కమీషన్ రెండు వైపులా కలిపి 2,000. లోడింగ్, అన్‌లోడింగ్ దగ్గర ఇచ్చుకున్నవి 2,400. తిండి, పార్కింగ్, దారి ఖర్చులు 3,000. మిగిలింది 5,600. కావలి దగ్గర వెనక లోపలి టైరు పేలింది, పాత టైరుకు కొత్త రబ్బరు వేసిన రీట్రేడ్ టైరే. అక్కడే పాతది ఒకటి 6,500 పెట్టి ఎక్కించాను. అంటే ఏడు రోజులు నిద్ర చెడగొట్టుకుని 900 రూపాయలు నేనే ఎదురు పెట్టాను. ఆ కిరాయిలో కూడా 12 వేలు బ్యాలెన్స్. స్టాంపు వేయించిన దిగుమతి రసీదు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఇచ్చాక, "వచ్చేవారం రా అన్నా" అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో ఈ లెక్క చెప్తే మా ఇంటామె కోప్పడలేదు. తను సంఘంలో పుస్తకాలు రాస్తుంది. పొదుపు ఎంత, లోను ఎంత, ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు, అన్నీ గడులు కొట్టి రాస్తుంది. లోపలికి వెళ్లి ఒక కొత్త నోట్‌బుక్ తెచ్చి, "ఒక్క ట్రిప్పు చూసి ఏం తెలుస్తది? ఏడాది రాద్దాం" అంది.

అలా 2024 జూన్ ఒకటి నుంచి 2025 మే 31 దాకా రాశాం. నేను దారిలో ఖర్చయిన ప్రతిదీ ఫోన్‌లో వాయిస్ పెట్టేవాణ్ని, తను రాసేది. టోల్ లెక్క ఫాస్టాగ్ మెసేజ్‌ల నుంచి వచ్చేది. డీజిల్ బిల్లు మీద కిలోమీటరు రీడింగ్ రాసి ఫొటో తీసేవాణ్ని. మొదటి నెల చిరాకు పుట్టింది. చాయ్ తాగి పది రూపాయలు చెప్పడమేంటి అనిపించింది. మూడో నెలకు అలవాటైంది.

ఏడాది అయ్యాక కూడితే ఇదీ లెక్క. కిరాయిలు మొత్తం 20,40,000. డీజిల్ 9,80,000. టోల్ 2,60,000. కమీషన్లు, లోడింగ్ అన్‌లోడింగ్ మామూళ్లు, దారి ఖర్చులు 2,15,000. టైర్లు 1,12,000. రిపేర్లు, సర్వీసు 1,08,000. ఇన్సూరెన్స్, క్వార్టర్ ట్యాక్స్, నేషనల్ పర్మిట్ లాంటి కాగితాల ఖర్చు 1,17,000. ఒక్క నేషనల్ పర్మిట్టే ఏడాదికి 16,500. నా బండి సైజుకు థర్డ్ పార్టీ ప్రీమియమే 44 వేల దగ్గర, దాని మీద జీఎస్టీ వేరే.

అన్నీ తీసేస్తే మిగిలింది 2,48,000. నెలకు 20 వేల ఆరొందలు. కిస్తీ లేదు, అప్పు లేదు, నెలకు ఇరవై వేలు మిగులుతున్నాయి, పర్వాలేదనే అనుకున్నాను నేను. పెన్ను మూసేయబోయాను.

"ఇందుల డ్రైవర్ జీతం ఏడుంది?" అంది తను.

"డ్రైవర్‌ను నేనే గదా."

"అయితే? మా సంఘంల పుస్తకాలు రాసినందుకు నాకు నెలకింత అని రాస్తరు. ఖర్చుల రాస్తరు. నేను సంఘం మనిషినే అని ఊకె రాపిచ్చుకుంటలేరు. నీది ఎందుకు రాయలే?"

నాకు జవాబు తోచలేదు. 2009 నుంచి పదహారేళ్లలో ఒక్కసారి కూడా నా జీతాన్ని బండి ఖర్చులో రాసుకోలేదు. మిగిలిందే నా సంపాదన అనుకున్నాను. మా దగ్గర లాంగ్ రూట్ డ్రైవర్‌ను పెట్టుకుంటే నెలకు 25 వేలు ఇవ్వాల్సిందే, అదీ దొరికితే. ఏడాదికి మూడు లక్షలు. ఆ మూడు లక్షలు ఖర్చుల గడిలో రాశాక నా లారీ ఏడాదికి 52 వేల నష్టంలో ఉంది. అంటే బండి నన్ను పోషించడం లేదు. నేను డ్రైవర్‌గా సంపాదించుకునే దాంట్లోంచి నెలకు నాలుగు వేలు బండికి పెట్టి, నేనే దాన్ని పోషిస్తున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాధ డబ్బు కోసం కాదు. ఇన్నేళ్లు ఊళ్లో "లారీ ఓనరు" అని పిలిపించుకున్నాను. ఆ పేరుకు కిందున్న లెక్క ఇది.

ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాలు చూసే ఆయన దగ్గరికి ఆ వారమే వెళ్లాను. పది బండ్ల దాకా ఉన్న వాళ్లకు అప్పటి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో 44ఏఈ అనే సెక్షన్ ఉందని, పన్నెండు టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు వెయ్యి రూపాయలు లాభం వచ్చినట్టు లెక్కగడతారని ఆయన చాలాకాలంగా చెప్తున్నదే. నాది లోడుతో కలిపి 28.5 టన్నుల బండి. అంటే నెలకు 28,500 లాభం అని చట్టం అనుకుంటోంది. నాకు నా జీతం కలుపుకున్నా 20,600. ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూసుకున్నప్పుడు, నా లాంటి బండి ఎంత సంపాదించాలో ఎవరో లెక్క వేసి పెట్టారని, నేను దానికి ఎంత దూరంలో ఉన్నానో మొదటిసారి అర్థమైంది.

నోట్‌బుక్‌లో ఇంకో గడి కూడా ఉంది, రోజులది. ఆ గడి పెట్టడం మా ఇంటామె ఆలోచనే. 365 రోజుల్లో బండి నడిచింది 171 రోజులు. లోడు కోసమో, దిగుమతి కోసమో నిలబడింది 118 రోజులు. షెడ్డులో 31. ఇంటి ముందు 45. డీజిల్ రేటు గురించి మేం ఎక్కడ కలిసినా మాట్లాడుకుంటాం. ఈ 118 రోజుల గురించి ఎప్పుడూ మాట్లాడుకోం. నా మటుకు నాకు డీజిల్ కన్నా పెద్ద గండి ఇదే.

ఒక్క లోడు సంగతి చెప్తాను. 2025 ఏప్రిల్, యాసంగి వడ్లు. కొనుగోలు కేంద్రంలో 40 కిలోల బస్తాలు 450 ఎక్కించుకుని మధ్యాహ్నం మిల్లుకు చేరాను. గేటు బయట అప్పటికే ముప్పై ఎనిమిది బండ్లు, నడిచి లెక్కపెట్టాను. ఎండ నలభై రెండు దాకా ఉంది. రోడ్డు పక్కన తుమ్మచెట్టు ఒక్కటే నీడ, దాని కింద పదిమంది డ్రైవర్లం. రెండో రోజు సాయంత్రానికి గేటు లోపలికి వెళ్లాను. మిల్లు మనిషి వచ్చి ఇనుప గొట్టం సంచిలో గుచ్చి, జారిన గింజలు అరచేతిలో పోసుకుని ఊదాడు. తాలు ఎగిరింది. మిషన్‌లో పోస్తే తేమ 17 దాటి చూపించింది. కోత ఎంత అన్నదానికి కేంద్రం వాళ్లతో ఫోన్‌లో గొడవ. ఆ రైతు కూడా అక్కడికే వచ్చాడు, వయసు మీద పడ్డ మనిషి. బండి దగ్గరికొచ్చి నన్నే బతిమాలాడు, "బిడ్డా, నువ్వు జెర చెప్పు, ఎండవెట్టే తెచ్చిన" అని. నా చేతిలో ఏముంది? మూడో రోజు మధ్యాహ్నం బస్తాలు దిగాయి. ఇరవై ఎనిమిది కిలోమీటర్ల కిరాయికి మూడు రోజులు. నిలబడ్డ రోజులకు ఒక్క రూపాయి లేదు. కాంట్రాక్టర్‌ను అడిగితే "అందరికీ అంతే" అన్నాడు. నిలబడ్డది మేమే, ఎండింది ఆ రైతూ మేమూ.

సరే, లెక్క తెలిసింది. ఇక దారులు చూడాలి.

మొదటి దారి పెద్ద బండి. సూర్యాపేటలో పద్నాలుగు టైర్ల బండి కనుక్కున్నాను. బాడీతో కలిపి 50 లక్షల దగ్గరికి చెప్పారు. పది లక్షలు ముందు కట్టినా నెలకు 85 వేలు దాటే కిస్తీ ఐదేళ్లు. అసలు మా పది టైర్ల బండ్లకు కిరాయి పెరగకపోవడానికి కారణం ఆ పెద్ద బండ్లే. దానికి డీజిల్ నాకన్నా కాస్తే ఎక్కువ, ఎత్తే సరుకు చాలా ఎక్కువ. టన్నుకు దానికి పడే ఖర్చు తక్కువ. వాడపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో రేటు ఆ బండ్లను చూసే కడతారు. అదే రేటుకు నేను తోలాలి. అలాగని ఆ బండి కొంటే నేను బాగుపడతానా అంటే, మా బామ్మర్దికి అలాంటివి రెండున్నాయి. నా ముందు ఏమీ దాచకుండా చెప్పాడు. "బావా, నెలకు ఇరవై రెండు రోజులు నడిస్తేనే కిస్తీ. ఇరవై నడిస్తే చేతినుంచి." మళ్లీ నలభై లక్షల అప్పు నెత్తిన పెట్టుకునే ధైర్యం నలభై నాలుగేళ్ల వయసులో నాకు లేదు. ఆ దారి ఒక్క రోజులోనే మూసేశాను.

రెండోది బండి అమ్మి, డ్రైవర్‌గా చేరడం. బండి చూడటానికి సూర్యాపేట నుంచి ఒకాయన వచ్చాడు. పాత బండ్లు కొని అమ్మేవాడు. ఆయన చూసిన తీరు నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. ఇంజన్ స్టార్ట్ చేయమని, ఆయిల్ మూత తీసి, అక్కడ అరచెయ్యి అడ్డం పెట్టి పది సెకన్లు ఉంచాడు. చెయ్యి తీసి చూసుకుని వాసన చూశాడు. పొగ ఎక్కువ రాలేదు, ఆయిల్ చిమ్మలేదు. టైరు టైరుకు గోరు పెట్టి అరుగుదల చూశాడు. ఛాసిస్ కింద టార్చ్ వేసి అతుకుల కోసం వెతికాడు. నేను నా బండిని అంత శ్రద్ధగా చూసి ఎన్నాళ్లైందో. చివరికి పదిహేనున్నర లక్షలు అన్నాడు. "ఇంజన్ మంచిగుంది తమ్మీ. గానీ ఏడాది ఆగితే లక్ష తక్కువకు అడుగుత, రెండేళ్లాగితే ఇంకింత. బండి రేటు ఆగదు."

మా ఇంటామె కూర్చుని రాసింది. పదిహేనున్నర లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే ఏడాదికి 1,08,500. నా జీతం 3,00,000. కలిపితే 4,08,500. ఇప్పుడు వస్తున్నది 2,48,000. ఏడాదికి లక్షా అరవై వేల తేడా. కాగితం మీద ఇంకేం మాట్లాడటానికి లేదు.

సిమెంటు ట్యాంకర్లు నడిపే ఒక పెద్ద ట్రాన్స్‌పోర్టు వాళ్ల దగ్గరికి వెళ్లి పని కూడా అడిగాను. నా లైసెన్స్, అనుభవం చూసి వెంటనే రమ్మన్నారు. నెలకు ఇరవై ఐదు రోజులు రోడ్డు మీదే, ఏ ఊరికి పంపితే ఆ ఊరికి. బత్తా వేరే. మంచివాళ్లే, మర్యాదగా మాట్లాడారు. బయటికొచ్చి బస్టాండులో గంటసేపు కూర్చున్నాను. నాకు డయాబెటిస్ మొదలైంది. డాక్టరు తిండి టైముకు పడాలన్నాడు. చిన్నోడు ఇంటర్‌లో ఉన్నాడు. ఈ ఇరవై ఏడేళ్లలో పండక్కి ఇంట్లో ఉన్న ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంటికొచ్చి మళ్లీ నోట్‌బుక్ తెరిచాం. ఈసారి ట్రిప్పులవారీగా కాకుండా రోజుకెంత అని లెక్కగట్టాం. కిరాయిలోంచి డీజిల్, టోల్, కమీషన్, దారి ఖర్చు తీసేసి, నిలబడ్డ రోజులు కూడా కలిపి భాగిస్తే ఒక్కో లైన్‌కు రోజుకు ఎంత మిగిలిందో చూశాం. చెన్నై లైన్‌లో 150 రోజులు పోయాయి, రోజుకు 1,500. వడ్ల సీజన్ 44 రోజులు, రోజుకు 2,000. హైదరాబాద్, విజయవాడ లాంటి దగ్గర ట్రిప్పులు 80 రోజులు, రోజుకు 2,800. మిర్యాలగూడ రైల్వే గూడ్స్ షెడ్‌లో ఎరువుల రేక్, అంటే గూడ్సు రైలు లోడు, దిగినప్పుడు సొసైటీలకు తోలినవి 15 రోజులే, కానీ రోజుకు 3,200.

నాకు నమ్మబుద్ధి కాలేదు. చెన్నై ట్రిప్పంటే ఒకేసారి యాభై వేలు కళ్ల చూస్తాం. హైదరాబాద్ ట్రిప్పుకు పన్నెండు వేలు, అందులో మాడ్గులపల్లి, పంతంగి టోల్‌లు, డీజిల్ పోగా మూడు వేలు చేతిలో పడితే ఎక్కువ. చిన్న కిరాయిలని వాటిని ఖాళీ దొరికినప్పుడే వేసేవాణ్ని. మూడు రెట్లు దూరం ఉన్న లైన్‌లో నా టైర్లు అరగదీసి సగం సంపాదించాను. టైర్లు, రిపేర్లు, కాగితాల ఖర్చు ఏడాదికి 3,37,000. దగ్గర ట్రిప్పులే 260 రోజులు దొరికితే 7,28,000. ఖర్చు పోను 3,91,000. నా మూడు లక్షల జీతం వెళ్లి ఇంకా మిగులుతుంది. అన్ని రోజులు లోడు దొరుకుతుందా అన్నదే సందేహం.

అందుకని ఆరు నెలలు చూద్దామనుకున్నాం. ఫిట్‌నెస్‌కు లక్షా పదివేలు పెట్టాను. ఆ ఖర్చును 24 నెలలకు పంచి నెలకు 4,600 చొప్పున బండి ఖాతాలో రాస్తున్నాం. నెల మొదటి తారీఖు నా జీతం 25 వేలు ముందు మా ఇంటామె అకౌంటులో పడాలి, ఆ తర్వాతే బండి లాభనష్టం. చెన్నై బంద్. రెండు మిల్లుల సేట్లతో నేరుగా మాట్లాడాను, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు మధ్యలో లేకుండా. బండి పొద్దున ఐదింటికి మీ గేటు దగ్గర ఉంటది, డబ్బులు వారంలో ఇవ్వాలి, ఒక రోజు దాటి నిలబెడితే రోజుకు 1,500 ఇవ్వాలి. ఒకాయన నవ్వి టీ తాగించి పంపాడు. ఇంకో సేటు కాసేపు ఆలోచించి, "ఐదింటికి నిజంగ వస్తవా?" అన్నాడు. వస్తానన్నాను. ఒప్పుకున్నాడు. నిలబెట్టిన డబ్బు ఇప్పటికి రెండుసార్లు ఇచ్చాడు. అంతకన్నా ముఖ్యం, డబ్బు కట్టాల్సి వస్తుందని తెలిశాక ఆయన మిల్లులో నా బండి తొందరగా కదులుతోంది.

జూన్ నెల జీతం పోను మైనస్ 9,000. వానాకాలం మొదలై లోడ్లు లేవు. జూలై మైనస్ 2,500. ఆ నెలలో సూర్యాపేట ఆయన ఫోన్ చేశాడు, ఊగాను. ఆగస్టులో యూరియా కోసం రైతులు లైన్లు కట్టిన రోజుల్లో రేక్ దిగితే రాత్రింబవళ్లు తోలాం, ప్లస్ 6,000. సెప్టెంబరు ప్లస్ 4,500. ఆ నెల 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. నేను జూన్‌లోనే నాలుగు కొనేశాను, అది మాత్రం మనసులో గుచ్చుకుంది. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలకు కేంద్రాల్లో వడ్లు తడిసి లోడింగ్ ఆగింది, మైనస్ 3,000. నవంబరులో వడ్లు, బియ్యం రెండూ కలిసొచ్చాయి, ప్లస్ 14,000.

ఆరు నెలలకు జీతం పోను బండి మిగిల్చింది పదివేలు.

మా ఇంటామె ఆ పదివేలు చూసి సంతోషించింది గానీ, నోట్‌బుక్ పక్కన పెట్టలేదు. "ఆయన బండి రేటు ఏడాదికి లక్ష తగ్గుతదన్నడు గదా, అది ఏడ రాద్దాం?" అంది. రాయాల్సిందే. ఆరు నెలలకు యాభై వేలు. అది రాస్తే పదివేల లాభం నలభై వేల నష్టం అవుతుంది. బ్యాంకు వడ్డీ పోవడం కూడా కలిపితే ఇంకా ఎక్కువ. నేను కాదనలేదు. ఈ ఆరు నెలల్లో 131 రాత్రులు ఇంట్లో పడుకున్నాను, అది కూడా తను రాసింది, చివరి పేజీలో. షుగర్ కంట్రోల్‌లో ఉంది. దసరాకు జమ్మి పూజకు పిల్లలతో వెళ్లాను. ఈ రాత్రుల కోసం ఆ నలభై వేలు నేను పెట్టుకుంటున్నాను, తెలిసే పెట్టుకుంటున్నాను. ఇంతకు ముందు నష్టం ఉందనే తెలియదు.

బండి ఉంచాను. 2027 జూన్‌లో మళ్లీ ఫిట్‌నెస్ వస్తుంది. అప్పటికి ఈ బండికి ఎనిమిదేళ్లు నిండుతాయి, ఆ తర్వాత ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి. సూర్యాపేట ఆయనకు ఆ తారీఖే చెప్పాను. ఈలోపు వరుసగా మూడు నెలలు నా జీతం బండి ఇవ్వలేకపోతే అంతకు ముందే ఫోన్ చేస్తానన్నాను. డిసెంబరు ఒకటిన పొద్దున నాలుగింటికి లేచి, మిల్లుకు బయల్దేరే ముందు ఫోన్‌లో 25 వేలు పంపాను. తను నిద్రలోంచే ఫోన్ మోగింది విని లేచి, లైటు వేసి, నోట్‌బుక్ తీసింది. బండి రేటుకు కొత్తగా ఒక గడి గీసి ఉంది, అందులో మొదటి వరుసలో 15,50,000 అని, కింద 15,00,000 అని రాసి ఉంది.